పేపర్ పనిలో వేలు తెగితే: వర్కర్స్ కాంపెన్సేషన్ మీద మన సమావేశంలో చేసిన ప్రసంగం

*గత ఆదివారం న్యూజెర్సీలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. నైట్ షిఫ్ట్ వల్ల రాలేకపోయినవాళ్లు అడిగారని పూర్తిగా పెడుతున్నాం. పొడుగ్గానే ఉంది, బ్రేక్‌లో చదువుకోండి. పేపర్ కప్పులు, ప్లేట్లు, సంచులు, అట్టపెట్టెలు చేసే చోట పనిచేసే మనవాళ్లకి పంపండి.*

వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఉన్నాయి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను లాయర్ని కాదు, ఇన్సూరెన్స్ ఏజెంటునీ కాదు. రాజమండ్రిలో పేపర్ మిల్లు సైరన్ వింటూ పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చాక పద్దెనిమిదేళ్లు పేపర్ సామాను చేసే ఫ్యాక్టరీల్లోనే పనిచేశాను. మొదట బేలర్ దగ్గర చెత్త అట్ట నొక్కేవాణ్ణి, తర్వాత డై కటింగ్, ఆ తర్వాత షిఫ్ట్ లీడ్. ఇవాళ చెప్పేది ఆ షిఫ్ట్ లీడ్‌గా ఉన్నప్పుడు నేను చేసిన ఒక తప్పు గురించి. మిగతా చట్టం సంగతులన్నీ ఆ తప్పు వల్ల నేర్చుకున్నవే.

మా షిఫ్ట్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. వయసు యాభై ఎనిమిది. గుడివాడ వైపు కిరాణా కొట్టు నడుపుకున్న మనిషి, తమ్ముడు స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డు మీద వచ్చారు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. టెంప్ ఏజెన్సీ వ్యాన్‌లో వచ్చేవారు, వాళ్ల చెక్కే తీసుకునేవారు. పని మాత్రం మా ఫ్యాక్టరీలో, నా కింద. స్లిట్టర్ మెషిన్ మీద పెద్ద పేపర్ రోల్‌ని సన్న రోల్స్‌గా కోస్తాం, తెలుసుగా. ఒక రాత్రి రెండున్నరకి పేపర్ ఇరుక్కుంది. మెషిన్ ఆపి, కరెంటు కట్టేసి, తాళం వేసి అప్పుడు చెయ్యి పెట్టాలి. దాన్నే లాకౌట్ అంటారు. మా దగ్గర తాళాలు ఆఫీసు బీరువాలో ఉండేవి, బీరువా తాళం చెవి డే షిఫ్ట్ సూపర్‌వైజర్ దగ్గర. అందుకని అందరూ చేసినట్టే ఆయనా నడుస్తున్న మెషిన్‌లోంచి లాగారు. కుడి చూపుడు వేలు పై కణుపు దాకా పోయింది. పక్క వేలు చీరుకుపోయింది.

నేనే నా కారులో తీసుకెళ్లాను. దారిలో సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఇంట్లో కూరలు తరుగుతుంటే తెగిందని చెప్పించు, బిల్లు మనం చూసుకుందాం, రేపట్నుంచి ఆయనకి తేలిక పని ఇద్దాం, అన్నాడు. హాస్పిటల్ ఫారంలో "ఎక్కడ జరిగింది" అన్నచోట నా చేతిరాతతో "ఇల్లు" అని రాశాను. బాబాయ్‌కి ఇంగ్లిష్ రాదు. ఎడమ చేత్తో సంతకం చేశారు. ఏం రాశావురా అని కూడా అడగలేదు.

రెండు వారాల తర్వాత ఏజెన్సీ వ్యాన్ ఆయన ఇంటి ముందు ఆగడం మానేసింది. ఎవరూ తీసేశామని చెప్పలేదు, షిఫ్టులు లేవు అన్నారంతే. పది వారాల తర్వాత ఆయన కోడలు మా ఇంటికొచ్చింది. పటేల్ బ్రదర్స్ కవర్ నిండా బిల్లులు. అన్నీ కలిపితే పద్దెనిమిది వేల డాలర్లు దాటాయి. "అన్నయ్యా, ఇంట్లో జరిగిందని రాసి ఉందిట, మామయ్యగారు ఫ్యాక్టరీలో అంటున్నారు, ఏది నిజం?" అంది. మా ఆవిడ నా మొహం కేసి చూసింది.

సరే, కథ చివర తర్వాత చెప్తాను. ముందు అసలు ఈ ఇన్సూరెన్స్ ఏమిటో చూద్దాం. అది తెలిసి ఉంటే ఆ రాత్రి నేను ఆ మాట రాసేవాణ్ణి కాదు.

వర్కర్స్ కాంపెన్సేషన్ అంటే యజమాని తన ఖర్చుతో కట్టాల్సిన ఇన్సూరెన్స్. చాలా రాష్ట్రాల్లో మన జీతంలోంచి దానికి ఒక్క డాలరు కూడా కొయ్యకూడదు. పని చేస్తుండగా, పని వల్ల దెబ్బ తగిలితే తప్పు ఎవరిదని అడగకుండా వైద్యం, పని చేయలేని వారాలకి కొంత జీతం, శాశ్వతంగా పోయిన అంగానికి పరిహారం ఇవ్వాలి. బాబాయ్ మెషిన్ ఆపకుండా చెయ్యి పెట్టడం ఆయన తప్పేగా అని మా సూపర్‌వైజర్ అనేవాడు. అవ్వచ్చు. ఈ చట్టంలో అలాంటి పొరపాటు వల్ల హక్కు పోదు.

ఇది ఊరికే రాలేదండి. 1911కి ముందు అమెరికాలో చెయ్యి తెగినవాడు కోర్టుకెళ్లి యజమాని తప్పని నిరూపించాలి. యజమాని లాయరుకి మూడు జవాబులు సిద్ధంగా ఉండేవి. నీ అజాగ్రత్త కూడా ఉంది. లేదా నీ తోటి పనివాడి తప్పు, నాది కాదు. లేదా ప్రమాదం తెలిసే పనిలో చేరావు. ఈ మూడిట్లో ఒకటి తగిలినా కేసు పోయేది. న్యూయార్క్ రాష్ట్రం 1910లో నిర్బంధ పరిహార చట్టం చేస్తే, 1911 మార్చి 24న అక్కడి పై కోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. మర్నాడే, మార్చి 25న, అదే న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. బయటికి పోయే తలుపుకి తాళం. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది మనలాగే వలస వచ్చినవాళ్లు, ఇటలీ అమ్మాయిలు, యూదు అమ్మాయిలు. తీర్పుకీ మంటలకీ మధ్య ఒక్క రోజే తేడా. ఆ తర్వాత న్యూయార్క్ రాజ్యాంగాన్నే సవరించి, 1914లో మళ్లీ చట్టం తెచ్చింది. 1917లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. విస్కాన్సిన్, మన న్యూజెర్సీ 1911లోనే చేశాయి. అన్నిటికంటే ఆఖరు మిసిసిపి, 1948లో.

మన దేశంలో 1923 నుంచీ ఇలాంటి చట్టం ఉంది. అంటే మిసిసిపి కంటే పాతికేళ్లు ముందు. అక్కడ ఈఎస్ఐ కార్డు పట్టుకుని డిస్పెన్సరీ లైన్లో నిలబడ్డవాళ్లకి ఈ ఆలోచన కొత్త కాదు. ఇక్కడ తేడా ఏమిటంటే ఇది కేంద్ర ప్రభుత్వం నడిపేది కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం. ఎక్కువ రాష్ట్రాల్లో ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలు అమ్ముతాయి. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వయోమింగ్‌లలో మాత్రం ప్రభుత్వ నిధి నుంచే. టెక్సస్ అన్నిటికీ వేరు: అక్కడ ప్రైవేటు యజమాని ఈ ఇన్సూరెన్స్ తీసుకోకపోయినా చెల్లుతుంది. డాలస్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు, చేరే ముందే ఉందా లేదా అని అడగండి. లేని చోట దెబ్బ తగిలితే యజమాని మీద దావా వెయ్యాలి, అది వేరే దారి.

ఇన్సూరెన్స్ ఉన్నచోట మాత్రం, ఇది ఒక ఒప్పందం లాంటిది. తప్పు నిరూపించక్కర్లేకుండా మనకి డబ్బు వస్తుంది, బదులుగా యజమాని మీద మామూలు దావా వేసే హక్కు వదులుకున్నట్టే. కానీ మెషిన్‌కి ఉండాల్సిన గార్డు తయారీలోనే లోపమైతే మెషిన్ కంపెనీ మీద దావా వెయ్యొచ్చు. అది వేరు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు యజమాని ఎందుకు దాస్తాడో చెప్తాను. ఇది తెలిస్తే వాళ్ల మాటలు మీకు అర్థమవుతాయి.

ఈ ఇన్సూరెన్స్ ప్రీమియం జీతాల మొత్తం మీద లెక్క. ప్రతి వంద డాలర్ల జీతానికి ఇంత అని. ఎంత అనేది పనిని బట్టి. ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది. చాలా రాష్ట్రాలు వాడే పట్టికలో, వేరే కోడ్‌లో పడని పేపర్ సామాను తయారీ 4279. ముడతల అట్టపెట్టెలు 4244. ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ పని చేసేవాళ్లు 8810, దానికి రేటు చాలా తక్కువ. ఎందుకంటే కీబోర్డు వేలు తెంపదు కదా.

దాని మీద ఇంకో గుణకం ఉంటుంది, దాన్ని మాడ్ అంటారు. ఆ ఫ్యాక్టరీలో గత మూడేళ్ల దెబ్బల లెక్క చూసి, సాటి ఫ్యాక్టరీల కంటే ఎక్కువైతే ఒకటికి పైన, తక్కువైతే ఒకటికి కింద. ఊరికే ఉదాహరణకి: జీతాలు పది లక్షల డాలర్లు, రేటు వందకి నాలుగు అనుకోండి. ప్రీమియం నలభై వేలు. మాడ్ 1.30 అయితే యాభై రెండు వేలు. 0.85 అయితే ముప్పై నాలుగు వేలు. ఆ పద్దెనిమిది వేల తేడా కోసమే "ఇంట్లో తెగిందని చెప్పు" అనే మాట పుడుతుంది. (పద్దెనిమిది వేలు. బాబాయ్ బిల్లు కూడా అంతే. నేను కావాలని కలిపిన లెక్క కాదు, ఇవాళ పొద్దున కాగితం మీద వేసుకుంటే అలా వచ్చింది.)

అసలు తమాషా ఏమిటంటే చిన్న దెబ్బలు దాచి వాళ్లకి పెద్దగా మిగిలేది కూడా లేదు. చాలా రాష్ట్రాల్లో వైద్యం ఖర్చు మాత్రమే అయిన క్లెయిమును మాడ్ లెక్కలో 70 శాతం తగ్గించి చూస్తారు. నాలుగు కుట్లు పడ్డ దెబ్బని నిజాయితీగా చెప్పుకుంటే వాళ్లకి పోయేది కొంచెమే. ఈ సంగతి మా సూపర్‌వైజర్‌కీ తెలియదనుకుంటాను.

ఇంకో రెండు మోసాలు. మెషిన్ మీద ఉన్నవాణ్ణి ఆఫీసు క్లర్కుగా చూపడం. మనిషిని ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు అని 1099 ఇవ్వడం. ఏడాదికోసారి ఇన్సూరెన్స్ ఆడిటర్ వచ్చి జీతాల పుస్తకం చూస్తాడు, అప్పుడు జీతాలు తక్కువగా కనిపించడానికి ఇవన్నీ. మీ కాగితం మీద ఏం రాసినా, మీ టైం ఎవరు చెప్తున్నారు, మెషిన్ ఎవరిది, పని ఎవరు అప్పజెప్తున్నారు అన్నది చూస్తారు. 1099 ఇచ్చారు కాబట్టి నాకేం రాదు అని ఇంట్లో కూర్చోకండి.

టెంప్ ఏజెన్సీ వాళ్ల సంగతి. మన ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఎక్కువమంది ఇలాగే వెళ్తున్నారు. దెబ్బ తగిలితే ఏజెన్సీ ఫ్యాక్టరీని చూపిస్తుంది, ఫ్యాక్టరీ ఏజెన్సీని చూపిస్తుంది. మధ్యలో మనం బంతి. న్యూజెర్సీలో 2023లో తాత్కాలిక కార్మికుల హక్కుల చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ పనికి పంపేటప్పుడు ఏజెన్సీ మీకో కాగితం ఇవ్వాలి, అందులో వాళ్ల వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఆ కాగితాన్ని పారెయ్యకండి. ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఒకరికి పంపండి.

ఇప్పుడు డబ్బు సంగతి, న్యూజెర్సీ లెక్కలో. పని చెయ్యలేని కాలానికి మీ వారం జీతంలో 70 శాతం, రాష్ట్రం పెట్టిన గరిష్ఠం దాటకుండా. ఏడు రోజులు దాటి పని చెయ్యలేకపోతే మొదటి రోజు నుంచీ లెక్క కడతారు. దీని మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. డాక్టర్ని ఇక్కడ యజమాని తరఫువాళ్లే ఎంచుతారు, ఇల్లినాయిస్‌లో అయితే మీరే ఎంచుకోవచ్చు. అత్యవసరమైతే మాత్రం దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి వెళ్లండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

శాశ్వత నష్టానికి పట్టిక ఉంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. న్యూజెర్సీలో బొటనవేలు 75 వారాలు. చూపుడు వేలు 50, మధ్య వేలు 40, ఉంగరం వేలు 30, చిటికెన వేలు 20. పై కణుపు ఒక్కటి పోతే సగం. ఇల్లినాయిస్‌లో చూపుడు వేలు 43 వారాలు, చిటికెన వేలు 22. అంటే నది దాటితే వేలి విలువ మారిపోతుంది. మన ఇండియా చట్టంలో ఇదే పట్టిక శాతాల్లో ఉంటుంది: బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. వేలికి ధర కట్టడం ఏమిటి అనిపిస్తుంది. కానీ ధర రాసి లేని రోజుల్లో ఏమీ వచ్చేది కాదు.

ఏం చెయ్యాలి? మొదటిది, దెబ్బ తగిలిన షిఫ్ట్‌లోనే చెప్పండి. నోటితో చెప్పినా, వెంటనే ఒక మెసేజ్ కూడా పెట్టండి: "ఈ రోజు ఇన్ని గంటలకి, ఈ మెషిన్ దగ్గర, ఈ చేతికి దెబ్బ తగిలింది." తెలుగులో పెట్టినా ఏమీ పెట్టకపోవడం కంటే నయం. చెప్పడానికి గడువు న్యూయార్క్, కాలిఫోర్నియా, జార్జియా, టెక్సస్‌లలో 30 రోజులు. ఇల్లినాయిస్‌లో 45, న్యూజెర్సీలో 90. కేసు వెయ్యడానికి న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో రెండేళ్లు, కాలిఫోర్నియా, జార్జియాలలో మామూలుగా ఒక్క ఏడాదే. గడువు ఉంది కదా అని కూర్చోవద్దు. ఊళ్లో పెళ్లికి వెళ్లొచ్చాక చూద్దాం అని ఒకాయన ఆగి, సాక్షులు ఉద్యోగాలు మారిపోయాక వచ్చాడు.

రెండోది, అన్నిటికంటే ముఖ్యం. హాస్పిటల్లో మొట్టమొదట నర్సుకి చెప్పే మాట. ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది. ఆ మాటే తర్వాత అందరూ తిరగేసి చూస్తారు. ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి, ఆ రెండు మాటలు చాలు. హాస్పిటల్ ఫోన్‌లో ఏర్పాటు చేస్తుంది, దానికి డబ్బు తీసుకోరు. మీ షిఫ్ట్ లీడ్‌ని, మీతో వచ్చిన ఏజెన్సీ మనిషిని మీ తరఫున మాట్లాడనివ్వకండి. నాలాంటివాడు వస్తాడు.

మూడోది, వేలు తెగినా, కన్ను పోయినా, హాస్పిటల్లో చేర్చుకున్నా యజమాని 24 గంటల్లో ఓషాకి చెప్పాలి. మనిషి పోతే 8 గంటల్లో. వాళ్లు చెప్పకపోతే మనం చెప్పొచ్చు, 1-800-321-6742. ప్రమాదం గురించి ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తే ఓషాకి 30 రోజుల్లోపే చెప్పాలి, ఇది చాలా తక్కువ గడువు, గుర్తుంచుకోండి. క్లెయిము వేసినందుకు తీసెయ్యడం న్యూజెర్సీ చట్టంలో విడిగా కూడా నేరమే.

లాయర్ ఫీజు భయం చాలామందికి ఉంది. ఈ కేసుల్లో లాయర్ ముందు డబ్బు అడగకూడదు. గెలిచాక వచ్చినదాంట్లో శాతం, అదీ జడ్జి ఒప్పుకున్నంతే. ముందు అయిదు వందలు కట్టు అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

బాబాయ్ సంగతి చెప్తానన్నాను. కోడలు వచ్చిన మర్నాడు లాయర్ దగ్గరికి వెళ్లాం. క్లెయిము వేశారు. ఇన్సూరెన్స్ కంపెనీ కాదంది. హాస్పిటల్ కాగితంలో ఇల్లు అని ఉంది, అంతే. లాయర్ నన్ను పక్కకి పిలిచి, అది రాసింది మీరేనని ప్రమాణం చేసి చెప్పగలరా, మీ ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు, అబద్ధం రాసినందుకు మీరూ జవాబు చెప్పుకోవాలి, అన్నాడు. మూడు రాత్రులు నిద్ర లేదు. ఇంటి లోను, పిల్ల కాలేజీ, అన్నీ గుర్తొచ్చాయి. చివరికి చెప్పాను. కాంపెన్సేషన్ జడ్జి ముందు, నా చేతిరాతే అని. షిఫ్ట్ లీడ్‌కి తెలిస్తే కంపెనీకి తెలిసినట్టే కాబట్టి, చెప్పడం ఆలస్యమైందన్న వాదన కూడా నిలబడలేదు. పద్నాలుగు నెలలు పట్టింది. బిల్లులు వాళ్లే కట్టారు, ఇంట్లో ఉన్న వారాలకి డబ్బు వచ్చింది, వేలికి పట్టిక ప్రకారం వచ్చింది. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు కానీ లీడ్ పని తీసేసి శనాదివారాల షిఫ్ట్‌లో వేశారు. ఏడాదిలో నేనే మానేశాను.

బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అన్నం ఎడమ చేత్తో స్పూన్ పట్టుకుని తింటారు. ఆయన ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడల్లా నాకు ముద్ద దిగదు.

*సభలో అడిగిన ప్రశ్నలు*

ఒక అక్క: మా ఆయన రోల్స్ ఎత్తీ ఎత్తీ ఆరు నెలల నుంచి నడుం నొప్పి. ఫలానా రోజు దెబ్బ తగిలిందని చెప్పలేం కదా?

అక్కర్లేదక్కా. పని వల్ల మెల్లగా వచ్చిన నడుం నొప్పి, మణికట్టు తిమ్మిరి, మెషిన్ హోరుకి చెవుడు, ఇవన్నీ కూడా వస్తాయి. పని వల్లే అని డాక్టర్ చెప్పిన రోజు తారీకు రాసి పెట్టుకోండి, గడువు లెక్క అక్కడ ముఖ్యం. డాక్టర్ని కలిసినప్పుడు ఏం బరువు, రోజుకి ఎన్నిసార్లు ఎత్తుతారో చెప్పమనండి. "నడుం నొప్పండి" అని మాత్రం చెప్పి వచ్చేస్తే ఆయనకి మీ పని సంగతి ఎలా తెలుస్తుంది?

ఒక తమ్ముడు: అన్నా, నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. వీకెండ్ ప్లేట్ల ఫ్యాక్టరీలో క్యాష్‌కి...

ఇక్కడ ఎవరూ నీ పేరు అడగరు. న్యూజెర్సీలో ఈ పరిహారానికి వీసా అడ్డం కాదు. న్యూయార్క్, ఇల్లినాయిస్, కాలిఫోర్నియాలోనూ అంతే. క్యాష్ ఇచ్చినా పని పనే. కానీ తమ్ముడూ, నిజం చెప్పాలి కదా: అనుమతి లేకుండా పని చెయ్యడం నీ వీసాకి ప్రమాదం, అది వేరే సంగతి. కాబట్టి దెబ్బ తగిలితే హాస్పిటల్లో నిజం చెప్పు, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు కాంపెన్సేషన్ లాయర్నీ, ఇమ్మిగ్రేషన్ లాయర్నీ ఇద్దరినీ అడుగు. వచ్చే వారం నుంచి ఆ పనికి వెళ్లకపోతే ఇంకా మంచిది.

ఒక పెద్దాయన: మా ఓనరు మనవాడేనండి, మా ఊరివాడే. కేసు వేస్తే ఏం బావుంటుంది?

బాబుగారూ, మీరు డబ్బు అడుగుతున్నది ఆయన జేబులోంచి కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి. ఆయన ఏటా ప్రీమియం కడుతున్నది దీనికే. కారు గుద్దుకుంటే క్లెయిము వెయ్యకుండా ఊరుకుంటున్నాడా? ఒకవేళ ఆయన అసలు ఇన్సూరెన్సే తీసుకోకపోతే, అది న్యూజెర్సీలో నేరం. అలాంటి చోట దెబ్బ తిన్నవాళ్ల కోసం రాష్ట్రం దగ్గర ఒక నిధి ఉంది, న్యూయార్క్‌లో, కాలిఫోర్నియాలో కూడా ఉంది. ఉందో లేదో ముందే చూసుకోవచ్చు. న్యూజెర్సీ రేటింగ్ బ్యూరో వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే ఇన్సూరెన్స్ ఎవరిదో వస్తుంది.

వచ్చే ఆదివారం మీ పే స్టబ్, ఏజెన్సీ ఇచ్చిన కాగితం తీసుకురండి. నేను ల్యాప్‌టాప్ తెస్తాను, ఒక్కొక్కరిదీ కూర్చుని వెతుకుదాం. పులిహోర అవతల గదిలో ఉంది, పిల్లలకి ముందు పెట్టండి.